అత్త విన్న చరిత్ర

మా సంఘంలో మనిషి పోతే మొదటి కబురు శవపెట్టె చేసేవాడికి, రెండోది నాకు. సాయంత్రం భూస్థాపన అనుకుంటే పొద్దున్నే ఎవరో ఒకరు మా గుమ్మంలో నిలబడి "అన్నా, చరిత్ర రాయల్ల" అనేవారు. చరిత్ర అంటే ఒక పేజీ. పోయిన మనిషి ఎక్కడ పుట్టిందీ, బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నదీ, పెళ్ళి, పిల్లలు, చేసిన ఉద్యోగం, చివరి జబ్బు. పెట్టె మూత వేసే ముందు దాన్ని అందరి ఎదుటా చదువుతారు. బళ్ళారిలో మా పాత మిషను సంఘాలకు అదెంత ముఖ్యమంటే, చరిత్ర చదవకుండా మట్టి వేస్తే మనిషిని దిక్కులేనిదానిలా సాగనంపినట్టే లెక్క.

ఆ పని నా నెత్తికి చుట్టుకోవడానికి కారణం నేను రాసేవాణ్ణి కావడమే. ఇంట్లో తెలుగు, బడిలో పిల్లలకు కన్నడం చెప్పే ఉద్యోగం. కథలు తెలుగులో రాసుకునేవాణ్ణి, అప్పుడప్పుడూ ఒక కన్నడ పత్రికకు వ్యాసాలు పంపేవాణ్ణి. రెండు భాషల్లో రాసేవాడికి ఒక పేజీ ఏపాటి పని అని మావాళ్ళ ఉద్దేశం. కుర్చీలో కూర్చుంటే నాకు ఒక్క భాషలోనూ ఒక్క ముక్క రాదని వాళ్ళకెవరు చెప్పాలి? నాకు నడిస్తేనే వస్తుంది. "చరిత్ర రాయల్ల" అనగానే నేను చెప్పులు తొడుక్కుని బయటికి పోతుంటే, ఈయన పారిపోతున్నాడేమోనని వచ్చినవాళ్ళు కంగారుపడేవారు.

మా ఇల్లు కౌల్ బజార్ సందుల్లో. ఆటోలు, బైకులు, తోపుడు బండ్లు, "జరా హటో భాయ్" అని భుజం తోసుకుని పోయేవాళ్ళు. అక్కడ నేనేమీ ఆలోచించేవాణ్ణి కాదు, చెవిలో ఏ భాష పడితే దాన్ని పడనిచ్చేవాణ్ణి. ఊరు దాటి కప్పగల్లు రోడ్డెక్కాక అడుగు ఒక తీరుకు వచ్చేది. అప్పుడు వాక్యం మొదలయ్యేది. తెలుగులో మొదలయ్యే నా వాక్యం ఎప్పుడూ కొంచెం అబద్ధంగానే మొదలవుతుంది. చిన్నప్పటి నుంచి ప్రసంగాలూ ప్రార్థనలూ విని విని, తెలుగులో నా నోటి దగ్గర మాటలు తయారుగా ఉంటాయి. పిలవకపోయినా వచ్చి కూర్చుంటాయి. "ఆయన అలుపెరుగక సేవ చేసిరి." "ఆమె చిరునవ్వుతో కష్టములను సహించెను."

అలాంటిది తగలగానే దాన్ని కన్నడంలోకి తిప్పి చూసేవాణ్ణి. కన్నడంలో నాకు ఆ చర్చి మాటలు లేవు. ఉన్నదంతా బడి కన్నడం, బజారు కన్నడం. బజారు కన్నడంలో చిరునవ్వుతో సహించిందని చెప్పబోతే నాకే నవ్వొచ్చేది. ఏం సహించిందో చెప్పాల్సి వచ్చేది. అత్త తిట్టిందా, మొగుడు తాగాడా, బిడ్డ పోయిందా? అలా పోయేటప్పుడు కన్నడంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని తెలుగు చేసుకునేవాణ్ణి. ఇల్లు చేరేసరికి పేజీ తలలో ఉండేది. పెట్టె పక్కన చదివేదాంట్లో మొగుడు తాగాడని ఎవరూ రాయరు కాబట్టి, చివరికి చాలాసార్లు ఆ చిరునవ్వే రాసేవాణ్ణి. కాకపోతే దాని వెనక ఏముందో తెలిసి రాసేవాణ్ణి. నా కథలూ అలా నడిచి తెచ్చుకున్నవే.

తర్వాత గనుల కాలం వచ్చింది. సండూరు కొండల్లోని ఎర్రమట్టికి ఉన్నట్టుండి ఎక్కడలేని గిరాకీ పుట్టింది. ఆ మట్టి మోసే లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పగలూ రాత్రీ నడిచేవి. రోడ్డు గుంతలు పడింది, గుంతలు మడుగులయ్యాయి, మనిషి నడవడానికి అంచు కూడా మిగల్లేదు. హారన్ మోగిన ప్రతిసారీ పక్కకు దూకాలి. దూకినప్పుడల్లా వాక్యం చేజారిపోయేది. తెల్లవారకముందే పోదామని చూస్తే లారీలు నాకంటే ముందే లేచి ఉండేవి. ఇంటికి వచ్చి ముక్కు చీదితే ఎర్రగా వచ్చేది. అందరూ డబ్బు డబ్బు అని పరుగులు పెడుతుంటే, నడవడానికి చోటు లేదని ఏడ్చేవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు?

బడి మైదానంలో తిరిగి చూశాను. పిల్లలు నవ్వారు. మిద్దె మీద తిరిగి చూశాను. మా ఆవిడ కింద నుంచి కేకేసింది.

"ఏంది మీరు, గానుగెద్దు మాదిరి తిరుగుతాండారు? ఈడ బోకులు కడుగుతాండా, పైనుంచి దుమ్ము రాలతాండాది."

"కథ కోసం తిరుగుతాండానే."

"కథ కావల్లంటే కింద ఉండాది, రండి. నీళ్ళు రాక రెండు దినాలాయ."

గోడ నుంచి గోడకు తిరిగితే వాక్యం కూడా గోడకు కొట్టుకుని ఆగిపోయేది. ఒక కథ లేదు, ఒక వ్యాసం లేదు. చరిత్రలు మాత్రం తప్పవు కాబట్టి పాతవాటిలో పేర్లు మార్చి ఇచ్చేవాణ్ణి. ఎవరూ తేడా కనిపెట్టలేదు. అది ఇంకా నీరసం. ఆ రోజుల్లో నేను అలసిపోయిందల్లా నడిచి కాదు, నడవలేక.

అలాంటప్పుడు మా మేనత్త నన్ను పట్టుకుంది.

అత్త ఇల్లు కప్పగల్లులో. నా చిన్నప్పుడు మేమూ ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళం. ఆమె మిషనులో బైబిలు స్త్రీగా పనిచేసింది. అంటే తెల్లచీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, ఊరూరా నడిచిపోయి ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పడం, పుండ్లకు మందు రాయడం, పాటలు నేర్పడం. తెలుగు ఊళ్ళో తెలుగు పాట, కన్నడ ఊళ్ళో కన్నడ పాట. మామ చిన్న వయసులోనే పోయాడు. ఒక్కడే కొడుకు. వాడు ఈ గనుల కాలంలో లారీ డ్రైవరయ్యాడు. తారానగర్ వైపు మట్టి ఎత్తుకుని రేవుకు పోతే ఎప్పుడు వస్తాడో వాడికే తెలియదు. ఇంట్లో అత్త, ఆమె కోడలు. కోడలిది సండూరు పక్క ఊరు, కన్నడం తప్ప తెలుగు అంతంతమాత్రం. అత్తకు గుండె జబ్బు ముదిరి మంచం పట్టింది. ఇంకేమీ చేసేది లేదని డాక్టరు ఇంటికి పంపేశాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చూడటానికి పోయాను. దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కాసేపు ఆయాసపడి, నన్ను ఎగాదిగా చూసింది.

"నా చరిత్ర గూడా నువ్వే రాస్తావు గదప్పా?"

"ఊరుకో అత్తా, ఏం మాటలవి?"

"పోకుండా ఉండేదానికి నేనేమన్నా సండూరు కొండనా? ఆ కొండే పోతాండాది లారీల్లో." నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక అంది, "ఊరందరూ ఇంటారు, పెట్టెలో పండుకున్నోళ్ళు తప్ప. ఇదేం న్యాయమప్పా? నాది నాకు వినల్లని ఉండాది. పోకముందే వినిపించు."

మా సంఘంలో అలా అడిగినవాళ్ళు ఎవరూ లేరు. బతికున్న మనిషికి చరిత్ర చదివితే కీడని మా పెద్దవాళ్ళు అంటారు.

"ఇంగొకటి. అలుపెరుగక సేవ చేసెనని రాసినావంటే సూడు. అలిసిపోయినా నేను. శానా అలిసిపోయినా. అది రాయి."

సరే అన్నాను. కాదని ఎలా అంటాను? ఆమె పెళ్ళికి ముందు నన్ను ఎత్తుకుని పెంచిన చేతులు అవి.

ఆ తర్వాత ఎప్పుడు పోయినా "ఎందాక వచ్చింది?" అని అడిగేది. "వస్తాండాదత్తా" అనేవాణ్ణి. వచ్చేది లేదు, సచ్చేది లేదు. మిద్దె మీద తిరిగినా, లారీల పక్కన బిక్కుబిక్కుమంటూ నడిచినా, "ఆమె ప్రభువు సేవలో" అన్న దగ్గరే ఆగిపోయేది. ఆమె ఊపిరి మాత్రం పోయిన ప్రతిసారీ ఇంకొంచెం పొట్టిగా వినిపించేది. నాకు నిజంగా భయం పట్టుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు పేజీలు పేజీలు రాశాను. నన్ను పెంచిన మనిషి నోరు తెరిచి అడిగిన ఒక్క పేజీ ఆమె కళ్ళు మూసేలోపు ఇవ్వలేకపోతే, నేను రాసేవాణ్ణని ఏ మొహం పెట్టుకుని చెప్పుకోవాలి?

ఒకరోజు ఆమెకే ఆ సంగతి చెప్పేశాను. "నడిస్తే గానీ రాదత్తా నాకు. నడిచేదానికి రోడ్డు లేదు."

"రోడ్డు యాడిదప్పా మాకు? గట్ల మీద పోతాంటిమి. మన ఇంటెనక వంక దాటి ఆ పక్క పో. దారి నీకే తెలుస్తాది." కాసేపు కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. "వంక దాటినాంక ఒక సప్పిడి బండ ఉండాది, పీట మాదిరి. నా కొడుకును మీ అమ్మ కాడ ఇడిసి పోతాంటి గదా. వాడు ఏడ్సుకుంటా వంక దాకా ఎనకాలే వస్తాండె. మీ అమ్మ వచ్చి ఎత్తుకుపోతాండె. వాని ఏడుపు ఇనపడనంత దూరం పోయినాంక నేను ఆ బండ మీద కూచుని ఏడుస్తాంటి. అయినాంక మొగం కడుక్కుని పోయి ఊర్లో సంతోషం పాటలు పాడతాంటి. ఎవురికీ చెప్పలే నేను ఈ మాట."

మరునాడు బడికి సెలవు పెట్టి ఆ దారి పట్టాను. వంకలో నీళ్ళు లేవు. గట్ల మీద నడుస్తుంటే పత్తి ఆకులు కూడా ఎర్రగానే ఉన్నాయి. కొంతదూరం పోయేసరికి అడ్డంగా ఇనుప కంచె. లోపల మట్టి గుట్టలు, వాటిని ఎత్తే యంత్రాలు. ఎవరో పొలాలు తీసుకుని మట్టి నిల్వ చేసే యార్డు పెట్టారు. కాపలావాడు లేచి వచ్చాడు.

"యాడికప్పా పోతాండావు? ఈడ దారి లేదు."

"దారి ఉండె లేప్పా ముందు. ఈడొక సప్పిడి బండ ఉండల్ల."

"బండ యాడిది? అంతా మట్టే. పో పో, దుమ్ము తింటావు ఊరికే."

నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు. ఎవరి మీదో నాకే తెలియదు. వెనక్కి పోవడానికి మనసొప్పక కంచె పక్కనే నడవడం మొదలుపెట్టాను. ముళ్ళకంప, రాళ్ళు, చెప్పులో ఇసుక. అత్త తిన్నగా పోయిన దారికి నేను యార్డు మొత్తం చుట్టి రావాల్సి వచ్చింది. యంత్రాల రొద వెనకబడింది. అడుగు మెల్లగా ఒక తీరుకు వచ్చింది. అప్పుడు, ఎన్ని నెలల తర్వాతో, ఒక వాక్యం వచ్చింది. కన్నడంలో వచ్చింది. ఆమెకు ఆ పని ఇష్టం లేదు.

ఆగిపోబోయాను. ఆగితే పోతుందని నడిచాను. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఇష్టం లేకపోయినా బాగా చేసింది. ఆ తర్వాత ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. మొగుడు పోయినప్పుడు ఏం తిని బతకాలని మా తాత ఆ పనిలో పెట్టాడు. ఆమెనెవరూ అడగలేదు. వర్షంలో తడిసింది, కుక్కలు తరిమాయి. కొడుకు ఏడుపు దాటుకుని పోయి ఎవరి పిల్లలకో అక్షరాలు దిద్దించింది. అలసిపోయింది. అలసిపోయిన మాట బయటికి అంటే దేవుడి మీద నేరం చెప్పినట్టవుతుందని దాచుకుంది. తిరుగుదారిలో దీన్నంతా తెలుగు చేస్తుంటే, మొదటిసారిగా ఏ తయారు మాటా అడ్డు రాలేదు. దారి పొడవునా ఏడుస్తూనే నడిచాను. చూసేవాళ్ళెవరూ లేరు.

రాసుకోవడానికి ఇంటికి పోలేదు. తిన్నగా అత్త దగ్గరికే పోయాను. కోడలు చేటలో బియ్యం ఏరుతోంది.

"అత్తా, వచ్చింది. కాగితం మీద పెట్టలే."

"కాగితమెందుకు? సెప్పు."

మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఒక్క మాట రాలేదు.

"కూచుంటే నీకు యాడ వస్తాది? లేసి నడువప్పా" అంది అత్త.

గుమ్మం నుంచి మంచం దాకా, మంచం నుంచి గుమ్మం దాకా నడుస్తూ చెప్పాను. నువ్వు అని చెప్పలేదు, ఆమె అనే చెప్పాను. అత్త ఎవరి కథో వింటున్నట్టు వింది. ఒకచోట ఆపింది. "ఒక ఊర్లో చెంబియ్యకుండా దోసిట్లో పోసిరి నీళ్ళు. అది గూడా కలుపు." కలిపాను. ఆమెకు ఆ పని ఇష్టం లేదన్నప్పుడు పకపకా నవ్వింది. నవ్వితే ఆయాసం వస్తుందని కోడలు పరుగున వచ్చి వీపు నిమిరింది.

"దీనికీ తెలియల్ల నేనెవరో. కన్నడంలో చెప్పు" అంది అత్త.

మళ్ళీ మొదటి నుంచి కన్నడంలో చెప్పాను. కోడలు చేట పక్కన పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. బండ దగ్గరికి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త కళ్ళు మూసుకునే వింది. అయిపోయినా కళ్ళు తెరవలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"అదే. అదే నేను" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "దీన్ని ఆడ, పెట్టె కాడ, చదవొద్దప్పా. వాళ్ళు ఇంటారు, టీ తాగి పోతారు. ఇది నాది. నేను ఇనేసినా."

సరే అత్తా అని మాటిచ్చాను.

వానలు రాకముందే పోయింది. కొడుకు రేవు నుంచి లారీ అక్కడే వదిలేసి బస్సులో వచ్చాడు. సమాధుల తోటలో పాట అయ్యాక అయ్యగారు నావైపు చూశారు. "ఇప్పుడు మన సహోదరుడు స్వర్గస్థురాలి జీవిత చరిత్రను చదివి వినిపిస్తారు."

ముందుకు పోయి నిలబడ్డాను. చేతులు ఖాళీగా ఉన్నాయి. తలలో మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఉంది, రెండు భాషల్లోనూ ఉంది.

"చరిత్ర లేదండీ అయ్యగారూ" అన్నాను.

అయ్యగారు ఏం చేయాలో తోచక బైబిలు తెరిచి ఒక కీర్తన చదివేశారు. వెనక నుంచి ఒక సంఘ పెద్ద గొంతు నాకు వినపడేటట్టుగానే వినపడింది. "అమ్మకు కూడు పెట్టనోడు పిన్నమ్మకు కోక పెట్న్యాడంట. ఊరందరికీ రాస్తాడు, సొంత మేనత్తకు రెండు మాటలు రాలేదా?" మట్టి వేసేటప్పుడు అత్త కొడుకు నా పక్కకు వచ్చాడు. "ఏంది బావా? మా యమ్మకే లేకపాయనా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. నేను తల వంచుకున్నాను. అయినా చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చాలామంది ఆటోలెక్కారు. అత్త కొడుకు ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నడిచిపోతున్నాడు. నేను చాలా వెనకబడ్డాను. కోడలు ఆగి నాకోసం నిలబడింది.

"అణ్ణా, ఆవత్తు హేళిద్దు ఇన్నొమ్మె హేళ్రి" అంది. ఆ రోజు చెప్పింది ఇంకొకసారి చెప్పమంటోంది.

"అత్త వద్దంది కదమ్మా" అన్నాను కన్నడంలోనే.

"అల్లి బేడ అందిద్రు. ఇదు రోడ్డల్వా?" అక్కడ వద్దన్నారు, ఇది రోడ్డే కదా అంది.

మొదలుపెట్టాను. పక్క నుంచి లారీలు పోతూనే ఉన్నాయి. ఆమెకు వినపడాలంటే గొంతెత్తక తప్పలేదు. ఆమెకు ఆ పని ఇష్టం లేదని అరిచి చెప్పాను. ఇష్టం లేకపోయినా బాగా చేసిందని అరిచి చెప్పాను. ముందు పోతున్న అత్త కొడుకు నడక తగ్గింది. వెనక్కి తిరగలేదు. మేం దగ్గరయ్యేకొద్దీ ఇంకా మెల్లగా నడిచాడు. బండ దగ్గరికి వచ్చాను. కొడుకు ఏడుపు వినపడనంత దూరం పోయాక ఆమె కూర్చునేదని చెబుతుంటే, మట్టి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. మిగతా మాట దాంట్లో కలిసిపోయింది.

అత్త కొడుకు ఆగి, దుమ్ములోంచి నావైపు తిరిగాడు.

"వినపడలే బావా" అన్నాడు. "కూచుని ఏం చేస్తాండె మా యమ్మ?"